సిపాయిల మీద ఒక రోమన్ కవి విసుర్లు
(దంతెవాడ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకీ, సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకీ, పింఛను పుచ్చుకుంటూ కూడా కవాతు మరిచిపోని నాలాంటి రిటైర్డ్ వాళ్ళకీ, కిరండూల్, బచేలీ గనుల నుంచి పిల్లాపాపలతో వచ్చిన మన తెలుగు కుటుంబాలకీ ఉగాది శుభాకాంక్షలు. ఇందాకటి పచ్చడిలో వేపపువ్వు ఈ అడవిదేనట, బెల్లం మాత్రం విశాఖపట్నం బండిలో వచ్చిందట. రెండూ బాగా కలిశాయి.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సాహిత్యం మీద ఓ అరగంట మాట్లాడండి సార్, కానీ మావాళ్ళు నిద్రపోకూడదు" అన్నారు. ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్‌లో జవాన్లకి పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మధ్యాహ్నం భోజనం తర్వాత మ్యాప్ రీడింగ్ క్లాసు తీసుకున్నవాడికి నిద్రతో యుద్ధం కొత్త కాదు. అందుకని బాగా ఆలోచించి, మనల్ని తిట్టిన కవిని ఎంచుకున్నాను. పొగిడేవాళ్ళ మాటలు వింటే నిద్ర వస్తుంది గానీ, తిట్టేవాడి మాటలకి ఎవరికీ నిద్ర రాదు కదా.

ఆ కవి పేరు జువెనల్. రోమ్ నగరంలో సుమారు 1900 ఏళ్ళ కింద, అంటే క్రీస్తు శకం 100 నుంచి 130 వరకూ ఉన్న కాలంలో, లాటిన్ భాషలో 16 అధిక్షేప కావ్యాలు రాశాడు. మన దగ్గర అధిక్షేప శతకాలున్నాయి చూడండి, ఆ జాతివి. పెద్దింటివాళ్ళ అహంకారం, కవుల దరిద్రం, ఇళ్ళు కూలిపోయే మురికి వీధులు, వంశం పేరు చెప్పుకుని బతికే సోమరులు, ఎవర్నీ వదల్లేదు. ఆడవాళ్ళ మీద రాసింది అన్నిటికన్నా పొడుగు, దాదాపు 700 పంక్తులు. ఇవాళ చదివితే చాలాచోట్ల మనకి రుచించదు. పరాయి దేశాలనుంచి రోముకి వచ్చినవాళ్ళ మీద రాసింది కూడా అంతే. ఆ సంగతి దాచను.

పేరు విననివాళ్ళు కూడా ఆయన మాటలు విన్నారు. ఒళ్ళూ మనసూ రెండూ బాగుండాలనే అర్థం వచ్చే నినాదం ట్రైనింగ్ సెంటర్లలో జిమ్ గోడల మీద పెయింట్ చేసి ఉంటుంది కదా, అది ఆయనదే. మీలో కొందరు పొద్దున్నే పరుగుకి వేసుకునే ఆసిక్స్ బూట్లున్నాయే, ఆ కంపెనీ పేరు కూడా ఆ లాటిన్ మాటలోంచి ఒక్కో అక్షరం తీసి కూర్చిందే. అయితే జువెనల్ ఆ మాట వ్యాయామం గురించి చెప్పలేదు. పదో కావ్యంలో మనుషులు దేవుణ్ణి అడిగే కోరికలన్నిటినీ, పదవి, డబ్బు, అందం, దీర్ఘాయువు, యుద్ధంలో కీర్తి, ఒక్కొక్కటే తీసుకుని, అవి ఎవర్ని ఎలా ముంచాయో చూపించాడు. మరీ అడగాల్సివస్తే ఇదొక్కటి అడుగు అని చివర్లో అన్నాడు. దండ్ బైఠక్‌ల సంగతి కాదది.

అలాగే కాపలావాళ్ళ మీద కాపలా ఎవరన్న మాట ఒకటుంది. పోలీసుల మీదా సైన్యం మీదా సంపాదకీయం రాసే ప్రతివాడూ దాన్ని వాడతాడు. మూలంలో చూస్తే, పెళ్ళాం మీద అనుమానంతో ఇంటికి కాపలా పెట్టిన మొగుడి గొడవ అది. సైన్యానికీ దానికీ సంబంధమే లేదు. సైన్యం గురించి ఆయన వేరే రాశాడు, అదే ఇవాళ మన విషయం.

పదహారో కావ్యం, ఆఖరిది. గాలియస్ అనే స్నేహితుణ్ణి పిలిచి, సైన్యంలో చేరితే ఎన్ని లాభాలో లెక్కపెడతాను విను అని మొదలెడతాడు. పైకి రిక్రూట్‌మెంట్ ర్యాలీలో ఉపన్యాసంలా ఉంటుంది. నాలుగు పంక్తులు పోయాక గానీ వ్యంగ్యం తెలియదు.

మొదటి లాభం: ఏ సివిలియనూ నీ మీద చెయ్యెత్తడు. నువ్వే వాణ్ణి కొడితే నోరు మూసుకుంటాడు. ఊడిన పళ్ళనీ, కమిలిన మొహాన్నీ, వైద్యుడు ఏ హామీ ఇవ్వలేని కంటినీ న్యాయాధికారికి చూపించే ధైర్యం చెయ్యడు. (పళ్ళ ప్రస్తావన ఈ ఊళ్ళో తేవాల్సి వచ్చింది. సతీదేవి దంతం పడిన చోటు కాబట్టి దంతెవాడ అయిందని దంతేశ్వరి అమ్మవారి గుడిలో చెప్పే మాట మీ అందరికీ తెలుసు.) ఒకవేళ తెగించి ఫిర్యాదు చేశాడే అనుకోండి, విచారణ జరిగేది కంటోన్మెంట్ లోపల. తీర్పు చెప్పేది సెంచూరియన్, అంటే సుమారుగా మన కంపెనీ కమాండర్ లాంటివాడు. సైనికుడి వ్యాజ్యం శిబిరం గోడ దాటి పోకూడదని పాత నియమం. తీర్పు న్యాయంగానే ఉండవచ్చుగాక, బయటికొచ్చేసరికి కోహోర్టు మొత్తం పగబట్టి ఉంటుంది. సాక్ష్యానికి ఎవడొస్తాడు? సివిలియన్ మీద అబద్ధపు సాక్షి దొరికినంత తేలిగ్గా సిపాయి మీద నిజం చెప్పే సాక్షి దొరకడు. ఇదీ ఆయన వాదన.

రెండో లాభం: మామూలు మనిషి పొలంగట్టు తగాదాకో బాకీకో కోర్టుకెళితే వాయిదాల మీద వాయిదాలు. సిపాయి కేసు మాత్రం అతను కోరిన రోజున, అనుకున్నట్టు నడుస్తుంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన జవాను సెలవు పెట్టి ఊరెళ్ళి, తహసీల్దారు ఆఫీసు అరుగు మీద కూర్చుని, గట్టు తగాదా తేలకుండానే సెలవైపోయి తిరిగొచ్చే దృశ్యం జువెనల్ చూస్తే ఆ భాగం కొట్టేసేవాడు. మనకి 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం ఉంది. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో డ్యూటీలో ఉన్న సైనికుడు కోర్టుకి రాలేకపోతే, అతని పరోక్షంలో కేసు నడిచిపోకుండా వాయిదా వేయించడం దాని పని. అంటే మన చట్టం సైనికుడికిచ్చింది వాయిదా, రోమ్ ఇచ్చింది వేగం.

మూడో లాభం ఆస్తి. రోమన్ చట్టంలో తండ్రి బతికున్నంతకాలం కొడుకు ఎంత పెద్దవాడైనా అతని సంపాదన తండ్రిదే. ఒక్క సైనికుడికి మినహాయింపు. శిబిరంలో సంపాదించింది అతని సొంతం, ఇష్టమైనవాళ్ళకి రాసివ్వొచ్చు. అందుకని వణికే ముసలి తండ్రి, సిపాయి కొడుకు చుట్టూ ఆస్తి కోసం తిరుగుతున్నాడట. తర్వాత పతకాల ప్రస్తావన వచ్చింది. శూరుడికి మెడలో హారాలూ ఛాతీ మీద పతకాలూ మెరవడం సేనానికి కూడా లాభమే అనబోతూ, అరవయ్యో పంక్తి దగ్గర, వాక్యం మధ్యలో, కావ్యం ఆగిపోయింది.

ఎందుకాగింది? ఇక్కణ్ణించే పండితుల పని మొదలు. కవి చచ్చిపోయాడని కొందరు, పాత వ్రాతప్రతిలో చివరాకు చిరిగిపోయిందని కొందరు. అసలిది జువెనల్‌ది కాదని చాలామంది అంటున్నట్టు ప్రాచీన వ్యాఖ్యాతే ఒక ముక్క రాసిపెట్టాడు. 1865లో ఒట్టో రిబ్బెక్ అనే జర్మన్ పండితుడు ఇంకా ముందుకెళ్ళి, చివరి కావ్యాల్లో చాలావాటిని దొంగసొత్తు కింద కట్టేశాడు. మొదటి కావ్యాల్లో ఉన్న మంట వీటిలో లేదు కాబట్టి ఎవడో అనుకరించాడని ఆయన లెక్క. మంట తగ్గితే మనిషి మారిపోయాడనా? మా ఉపాధ్యాయుడొకాయన నలభై ఏళ్ళప్పుడు బెత్తంతో కొట్టేవాడు, అరవై ఏళ్ళప్పుడు వెక్కిరింతతో కొట్టేవాడు. ఇద్దరూ ఒకడే. రిబ్బెక్ వాదన ఇప్పుడు ఎవరూ ఒప్పుకోవడం లేదు.

1899లో దీనికి తలకిందులుగా ఒకటి జరిగింది. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి విన్‌స్టెడ్ అనే కుర్రాడు బోడ్లియన్ గ్రంథాలయంలో ఒక పాత వ్రాతప్రతి తిప్పుతుంటే, ఆరో కావ్యంలో ఎవరూ ఎన్నడూ చూడని 36 పంక్తులు కనిపించాయి. వందలకొద్దీ ప్రతుల్లో లేనివి అక్కడెలా వచ్చాయి? ఇవి అసలైనవేనని గట్టిగా నిలబడ్డవాడు హౌస్‌మన్. ఈయన స్వయంగా ఇంగ్లీషులో పేరున్న కవి. 1905లో జువెనల్‌ని పరిష్కరించి వేస్తూ, ఇది పరిష్కర్తల ఉపయోగం కోసం అని లాటిన్లో పేరు పేజీ మీదే రాసుకున్నాడు. తక్కిన పరిష్కర్తలకి చురక అది. అధిక్షేప కవిని ముట్టుకున్న పండితుడికి కూడా ఆ గుణం అంటుకుంటుంది కాబోలు.

ఇదంతా మనకెందుకు అనుకునేవాళ్ళకి వేమన పేరు చెప్తాను. మనకీ ఇదే గొడవ. సి.పి. బ్రౌన్ దొర 1829లో వేసిన పుస్తకంలో వేమన పద్యాలు 693. పదేళ్ళ తర్వాత 1839లో మళ్ళీ వేసినప్పుడు 1164. పదేళ్ళలో వేమన కొత్తగా రాయలేదు కదా! ఆటవెలది నడక, చివర ఆ మకుటం వస్తే చాలు, ఎవడు కట్టినా వేమన పద్యమే. 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వేమన మీద ఉపన్యాసాలిచ్చారు, పుస్తకంగా వచ్చాయి. తర్వాత ఎన్. గోపిగారు వేమన మీదే పరిశోధన చేసి 'ప్రజాకవి వేమన' రాశారు, పారిస్‌లో ఉన్న పాత ప్రతిని కూడా వెలుగులోకి తెచ్చారు. వీళ్ళ శ్రమంతా ఏది వేమనదో ఏది కాదో, ఆ మనిషి ఎవరో తేల్చడం మీదే. మీ యూనిట్‌లో ఎవరినైనా కులం పేరుతో కించపరుస్తూ ఓ పద్యం వదిలి, 'వేమనే అన్నాడు' అని తప్పించుకునేవాడుంటే, ఏ ప్రతిలో ఉందో చూపించమనండి.

ఇక మనిషి సంగతి. వేమన గురించి మనం చిన్నప్పుడు విన్న కథ ఏమిటి? రాజవంశం, వేశ్యాలోలత్వం, వదినగారి నగ, కంసాలి అభిరాముడు, చివరికి వైరాగ్యం. మకుటంలో మాటలకి మనుషుల్ని అల్లి కథ కట్టారు. జువెనల్‌కి కూడా సరిగ్గా ఇలాంటి కథే ఉంది. ఆస్థానంలో ఒక నటుణ్ణి వెక్కిరించాడనీ, శిక్షగా ఎనభయ్యో ఏట పైకి గౌరవంగా ఒక దళానికి కమాండర్‌ని చేసి ఈజిప్టు సరిహద్దుకి తోసేశారనీ, అక్కడే దిగులుతో చనిపోయాడనీ పాత జీవిత చరిత్రలు చెప్తాయి. పనిష్మెంట్ పోస్టింగ్ అన్నమాట! మనలో ఎవరికీ ఈ కథ నమ్మడం కష్టం కాదు. పండితులకే కష్టమయింది. ఆ కాలంవాళ్ళలో జువెనల్ పేరెత్తినవాడు ఒక్క మార్షల్ అనే కవి మాత్రమే, అదీ మూడు చిన్న పద్యాల్లో. (కోర్ట్ మార్షల్‌కీ ఈయనకీ చుట్టరికం లేదు.) మిగతాదంతా కవిత్వంలోంచి లాగిన దారం.

ఒక రాయి మాత్రం ఉండేది. ఇటలీలో అక్వినం అనే ఊళ్ళో దొరికిన శాసనం. జూనియస్ జువెనాలిస్ అనే సైనికాధికారి, డాల్మేషియన్ కోహోర్టుకి నాయకుడు, సెరెస్ దేవతకి ఏదో కానుక ఇచ్చాడని అందులో ఉంది. మూడో కావ్యంలో అక్వినం ఊరి పేరూ ఉంది, సెరెస్ పేరూ ఉంది. ఇంకేం, మన కవి మాజీ సైనికుడే అని చాలామంది గంతేశారు. కానీ ఆ రాయి తర్వాత కనిపించకుండా పోయింది, మిగిలింది నకలు. అందులో మొదటి పేరు చెరిగిపోయింది. బంధువు కావచ్చు, వారసుడు కావచ్చు. ఇక్కడికి ముప్ఫై కిలోమీటర్లలో ఉన్న బార్సూరు గుళ్ళు మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. ఛిందక నాగరాజుల కింద చంద్రాదిత్యుడనే తెలుగు చోడ సామంతుడు చెరువూ గుడీ కట్టించిన సంగతి అందులో ఉంది. రాయ్ బహదూర్ హీరాలాల్ దాన్ని వెలుగులోకి తెచ్చారు. బస్తరు నడిబొడ్డున తెలుగు అక్షరాలు! చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. అయినా ఆ రాయి చంద్రాదిత్యుడు ఏం కట్టించాడో చెప్తుందిగానీ, ఎలాంటి మనిషో చెప్పదు. రాయి చెప్పినంతవరకే పుచ్చుకోవాలి.

పుచ్చుకోని పండితుడు ఒకాయనున్నాడు, గిల్బర్ట్ హైయెట్. స్కాట్లండువాడు, న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో ప్రొఫెసరు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో యూనిఫాం వేశాడు కూడా. 1954లో జువెనల్ మీద పెద్ద పుస్తకం రాశాడు. దాని ప్రకారం జువెనల్ కలిగిన ఇంటి కుర్రాడు, సైన్యంలో అధికారి, పైమెట్టు కోసం ఎదురు చూశాడు, రాలేదు. అక్కసుతో ఆస్థానం మీద విసుర్లు రాశాడు. చక్రవర్తి దేశబహిష్కారం వేసి ఆస్తి లాగేశాడు. తిరిగొచ్చాక పేదరికంలో ఉండి ఈ కావ్యాలు రాశాడు. ఒక్క ముక్కలో చెప్పాలంటే ప్రమోషన్ రాని ఆఫీసరు కోపం! పుస్తకం నవలలా చదివిస్తుంది. సూపర్‌సీడ్ అయినవాళ్ళ మాటలు మెస్‌లో విన్నవాళ్ళకి ఇంకా నచ్చుతుంది.

కానీ దాన్ని అదే కాలంలో పండితులు చీల్చి చెండాడారు. ఎల్విన్ కెర్నన్ 1959లో, విలియం ఆండర్సన్ అప్పటినుంచీ వరసగా రాసిన వ్యాసాల్లో ఒక మాటన్నారు: ఆ కోపిష్టి మనిషి కవి కాదు, కవి వేసుకున్న వేషం. లాటిన్లో వేషానికీ ముసుగుకీ ఉన్న మాట పెర్సోనా. తెలుగువాళ్ళకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు, మనకి పగటివేషాలున్నాయి. పగటివేషగాడు కరణం వేషం కట్టి వీధిలో పడి, లెక్కలు తారుమారు చేస్తూ అరుస్తుంటే, అతను నిజంగా కరణమూ కాదు, అంత కోపమూ లేదు. ఊరివాళ్ళు నవ్వేది కరణాన్ని చూసి, అంత పెద్దగా అరుస్తున్న వేషాన్ని చూసి కూడా. 1988లో సుజానా బ్రాండ్ అనే విదుషి, తర్వాతి కావ్యాల్లో జువెనల్ కోపం వేషం విప్పేసి, చల్లని వెటకారపు వేషం ఎలా కట్టాడో విప్పి చూపించింది. రిబ్బెక్‌కి మరొకడి చెయ్యి కనిపించిన చోట ఆవిడకి మారిన వేషం కనిపించింది. 2015లో జేమ్స్ యూడెన్ పుస్తకం పేరులోనే ఈ కవి కనబడనివాడు అన్నాడు. అందర్నీ దుమ్మెత్తిపోస్తూ తానెవరో ఒక్క ఆనవాలు కూడా వదలకుండా తప్పుకున్న మనిషని.

వేషం సిద్ధాంతం నాకు నచ్చింది. అయితే మనలాంటివాళ్ళ చేతికి వస్తే దానితో ఒక ప్రమాదం కూడా ఉంది. 'ఓహో, అదంతా వేషమేనా? అయితే సిపాయిలు సివిలియన్ల పళ్ళు ఊడగొట్టారన్నదీ వేషమే' అని పుస్తకం మూసెయ్యొచ్చు. పగటివేషగాడు కరణం కాకపోవచ్చు, ఊళ్ళో కరణం లంచం తినలేదని దానర్థం కాదు.

ఈ పక్కనుంచి చూసింది కవిత్వ పండితులకన్నా సైనిక చరిత్రకారులు. ఫ్రాన్సులో మార్సెల్ దురీ 1935లో, ఇందులో సిపాయిలంటే సరిహద్దు దళాలు కాదు, రోమ్ నగరంలోనే మకాం వేసిన చక్రవర్తి అంగరక్షక దళం అని వాదించాడు. రోమ్ ప్రజలకి రోజూ ఎదురయ్యే యూనిఫాం అదే. బ్రియన్ క్యాంప్‌బెల్ 1984లో చక్రవర్తికీ సైన్యానికీ ఉన్న సంబంధం మీద రాసిన పుస్తకంలో, సైనికుల చట్టపరమైన ప్రత్యేక హక్కులు నిజంగా ఏమిటో తూకం వేశాడు. ఆస్తి హక్కు నిజమే, చట్టగ్రంథాల్లో ఉంది. విచారణ సంగతి కాగితం మీద ఎలా ఉన్నా, బాధితుడు సైనికాధికారి గుమ్మమే ఎక్కాల్సి రావడం మాత్రం నిజం.

అపులియస్ అనే రచయిత జువెనల్ తర్వాతి తరంవాడు. గాడిదగా మారిన మనిషి కథ రాశాడు. అందులో ఒక సిపాయి దారిలో తోటమాలిని ఆపి, నీ గాడిదనెక్కడికి తోలుకుపోతున్నావని లాటిన్లో అడుగుతాడు. తోటమాలికి గ్రీకు తప్ప రాదు. జవాబివ్వలేదని కర్రతో కొడతాడు. ఆ తర్వాత గ్రీకులో అడిగి, గాడిదని ఇచ్చెయ్యమంటాడు. 1981లో ఫెర్గస్ మిల్లర్ అనే చరిత్రకారుడు ఆ కథనంతా రోమన్ రాష్ట్రాల్లో జీవితానికి సాక్ష్యంగా చదివి చూపించాడు. నేను ఆ భాగం చదువుతూ ఆగిపోయాను. సివిలియన్ చేసిన మొదటి నేరం సిపాయి భాష రాకపోవడం! ఈ హాల్లో ఉన్న తమ్ముళ్ళు రోజూ పల్లెల్లోకి పోతారు. అక్కడ గోండీ, హల్బీ. మనం మాట్లాడేది హిందీ, ఒక్కోసారి మనలో మనం తెలుగు. ప్రశ్న అర్థంకాక ఊరకున్న మనిషీ, దాస్తున్న మనిషీ బయటికి ఒకేలా కనిపిస్తారు. గోండీ తెలుగుకి చుట్టమే, లెక్కలూ అవయవాల పేర్లూ వింటే తెలిసిపోతుంది. నాలుగు నెలలు శ్రద్ధ పెడితే వచ్చే భాష.

మన చట్టం రోమ్‌లా లేదు, అది కూడా చెప్పాలి. 1950 ఆర్మీ చట్టంలో సెక్షన్ 69 సివిల్ నేరాల్ని కోర్ట్ మార్షల్‌లో విచారించనిస్తుంది. వెంటనే సెక్షన్ 70 గీత గీసింది. సైనిక చట్టం కిందికి రాని మనిషిని హత్యచేసినా, అత్యాచారం చేసినా, యాక్టివ్ సర్వీసులోనో దేశం బయటో నోటిఫై చేసిన సరిహద్దు పోస్టులోనో తప్ప, కోర్ట్ మార్షల్ ముట్టుకోకూడదు. మామూలు కోర్టే. రెండు కోర్టులకీ అధికారం ఉన్నప్పుడు ఎక్కడ నడపాలో నిర్ణయించే అవకాశం సెక్షన్ 125 సైనికాధికారికిచ్చింది. జువెనల్ వేలుపెట్టి చూపించేవాడైతే ఇక్కడ చూపిస్తాడు. సీఆర్‌పీఎఫ్ తమ్ముళ్ళది 1949 నాటి వేరే చట్టం, ఆ వివరాలు నాకన్నా మీకే బాగా తెలుసు.

చట్టం పుస్తకం దాటి ఈ నేల మీదికి వస్తాను. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది మనవాళ్ళు ఒక్క పొద్దులో పోయారు. అప్పటికి అది దంతెవాడ జిల్లాయే, 2012లో సుక్మా జిల్లాలోకి వెళ్ళింది. ఆ పేరు వింటే ఈ హాలు ఎలా నిశ్శబ్దమవుతుందో ఇప్పుడు మీరే చూశారు. 2012 జూన్ ఆఖర్న పక్కనే బీజాపూర్ జిల్లా సార్కేగూడలో రాత్రివేళ కాల్పుల్లో 17 మంది ఊరివాళ్ళు పోయారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ విచారించి, చనిపోయినవాళ్ళు మావోయిస్టులని తేల్చే ఆధారం లేదని 2019లో నివేదిక ఇచ్చింది. ఏడేళ్ళు పట్టింది. మొదటి తేదీ మన యూనిట్లలో ప్రతివాడికీ కంఠతా వస్తుంది. రెండో తేదీ ఆ ఊళ్ళో ప్రతివాడికీ వస్తుంది. మనలో ఎంతమందికి రెండూ తెలుసు? నేను ఎవర్నీ నిలదియ్యడం లేదు. ఆ కవి శిబిరం గోడకి బయట నిలబడి మాట్లాడాడు. గోడ బయట ఏ తేదీలు గుర్తుంచుకుంటున్నారో లోపలివాడికి తెలియాలని నేననుకుంటాను. తెలియకపోతే ఈ అడవిలో డ్యూటీ ఇంకా కష్టమవుతుంది, తేలికవదు.

కిరండూల్ నుంచి వచ్చినవాళ్ళు వెళ్ళే టైమయింది. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. జువెనల్ చెప్పిన దెబ్బలు తిన్న సివిలియన్ ఎవరైనా నిజంగా ఉన్నాడా అని అడిగితే, ఒకణ్ణి చూపించొచ్చు. ఇంగ్లండుకి ఉత్తరాన, రోమన్ సామ్రాజ్యం చివరి అంచున, విండోలాండా అని ఒక కోట ఉంది. 1973 నుంచి అక్కడ తవ్వకాల్లో సిరాతో రాసిన పల్చని చెక్క పలకలు బయటపడుతున్నాయి. పోస్టుకార్డంత ఉంటాయి. స్టోర్సు లెక్కలు, లీవు దరఖాస్తులు, పుట్టినరోజు పిలుపులు. మన యూనిట్ ఆఫీసు బీరువా తిరగేసినట్టే ఉంటుంది.

అందులో 344వ నెంబరు ఒక అర్జీ. రాసినవాడు సముద్రం అవతల నుంచి వచ్చిన వ్యాపారి. తనని బెత్తాలతో రక్తం వచ్చేలా కొట్టారనీ, తాను నిర్దోషిననీ, పరదేశిననీ మొరపెట్టుకున్నాడు. కమాండర్‌కి చెప్పుకుందామంటే ఆయన జబ్బుగా ఉన్నాడు. కింది అధికారికి చెప్పాడు, సెంచూరియన్లకి చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. అందుకని ఇంకా పైకి, బహుశా చక్రవర్తికే, రాసుకుంటున్నాడు. జువెనల్ రోమ్‌లో కావ్యాలు రాస్తున్న సంవత్సరాల్లోనే ఇది రాశాడు. ఈయనకి ఆయన తెలియదు, ఆయనకి ఈయన తెలియదు. బౌమన్, థామస్ అనే ఇద్దరు పండితులు ఆ చెక్కని చదివి 1994లో అచ్చువేశారు. వేరే పలక దొరకలేదో ఏమో, పాత చిట్టా వెనక్కి తిప్పి చిత్తు రాసుకున్నాడు. ముందువైపు గోధుమలు ఎవరెవరికి ఎంత కొలిచిచ్చాడో లెక్క ఉంది, ఆ పద్దుల్లో సిపాయిలు కూడా ఉన్నారు.

పలక దొరికింది బారక్‌లో, సెంచూరియన్ ఉండే గదులని పండితులు అనుకుంటున్న చోట.